నా పోగుల ఇట్లున్నది

స్వరపేటిక తీసేయక తప్పదని డాక్టరు చెప్పినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది పెద్దమ్మ కాదు, ఆమె దగ్గరున్న కథ. ఈ మాట రాయడానికి సిగ్గుగానే ఉంది. పక్కన వదిన, అంటే పెద్దమ్మ కోడలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పెద్దమ్మ స్టూలు మీద నిటారుగా కూర్చుని డాక్టరు బల్ల మీదున్న ప్లాస్టిక్ గొంతు బొమ్మను పరీక్షగా చూస్తోంది. నేను లోపల రోజులు లెక్కపెట్టుకుంటున్నాను. ఆపరేషనుకు పన్నెండు రోజులున్నాయి.

"కోసినంక మాట రాదా సారూ?" అని పెద్దమ్మే అడిగింది. అప్పటికి ఆరు నెలలుగా ఆమె గొంతు బొంగురుపోయి ఉంది.

"రాదమ్మా. ముందు ప్రాణం దక్కాలె గదా," అన్నాడాయన.

ఆమె తలూపి లేచింది. దవాఖాన మెట్లు దిగుతూ వదిన భుజం మీద చెయ్యేసింది. "ఏడుస్తానవెందుకే. ఇగ నిన్ను తిట్టేటోళ్ళే ఉండరు, సంబురపడు," అంది. వదిన ఇంకా ఎక్కువ ఏడ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు స్వంత అక్క. వరంగల్ కొత్తవాడలో షత్రంజీలు, అంటే జంపఖానాలు, నేసే ఇంట్లో పుట్టి, అదే వాడలో నాలుగు గుమ్మాల అవతలి ఇంటికి కోడలుగా వెళ్ళింది. బడి మొహం చూడలేదు. సంతకం చేయమంటే బొటనవేలు చూపిస్తుంది. కనుక గొంతు పోతే ఆమె దగ్గరున్నది కాగితం మీదికి వచ్చే దారి కూడా పోయినట్టే.

నేను హనుమకొండలో ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెప్తాను. ప్రతి ఏడాదీ ఒక పాత కవి గురించిన పాఠం వస్తుంది. ఆయన మా దిక్కువాడే అని మేమంతా గొప్పగా చెప్పుకుంటాం. కాకతీయుల కాలంలో ఊళ్ళు పట్టి తిరిగి, జనం నోళ్ళలో నలుగుతున్న భక్తుల కథలన్నీ ఏరి ఒకచోట కూర్చినవాడు. బట్టలుతికేవాళ్ళు, కుండలు చేసేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు దేవుడిని నిలదీసి, సతాయించి, చివరికి తమ మాటే నెగ్గించుకున్న కథలవి. పరీక్షలో ఆయన వాటా రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు ఆయన పేరు, పుస్తకం పేరు, ఛందస్సు పేరు రాసి ఆ రెండు మార్కులూ పట్టుకుపోతారు.

నాకు మాత్రం పరీక్షలో రాని ప్రశ్న ఒకటి ఎప్పుడూ పీకుతుండేది. ఆయన ఎవరిని అడిగాడు? పొద్దున ఎవరి గుమ్మం ముందు నిలబడి "అమ్మా, ఆ కథ ఒకసారి చెప్పు" అన్నాడు? ఆ అమ్మ పని ఆపి చెప్పిందా, చేస్తూనే చెప్పిందా? ఒకసారి పిల్లలను ఆ కవి ఊరైన పాలకుర్తి గుట్టకు తీసుకువెళ్ళాను. పైనుంచి చూస్తే నాలుగు దిక్కులా ఊళ్ళు, వాటి వెనక ఊళ్ళు. ఇన్ని ఊళ్ళు ఆ మనిషి కాళ్ళతో తిరిగాడు కదా అనుకుంటే నాకు ఒళ్ళు జలదరించింది. పక్కనే నిలబడ్డ అమ్మాయి, "అప్పుడు ఫోన్లుంటే ఆ కవి సార్‌కు ఎంత ఈజీ అయ్యేది మేడమ్, రికార్డ్ చేసుకునేటోడు," అంది. నేనూ నిజమేనన్నాను. అంత తెలివితక్కువగా నేను ఇంకేదీ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

ఇక ఆ కథ సంగతి.

నా చిన్నతనంలో అమ్మమ్మ ఇంట్లో రెండు మగ్గాలుండేవి. మగవాళ్ళు మగ్గం మీద కూర్చుంటే, ఆడవాళ్ళు ముందు వసారాలో వరసగా రాట్నాలు పెట్టుకుని కండెలు చుట్టేవాళ్ళు. చిలప, అంటే నూలు చుట్ట నుంచి పోగు తీసి, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పట్టేంత చిన్న పుల్లకు చుట్టడం, అదే కండె. పొద్దున మొదలుపెడితే అన్నాల వేళ దాకా. ఆ వేళలోనే కథలు. కథ చెప్పడానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఎవరో ఒకరు మొదలుపెడతారు. చెప్పే ఆమె చేతిలో పోగు తెగిందనుకోండి, కథ అక్కడితో ఆమె చేయి దాటిపోతుంది. ఎందుకంటే తెగిన పోగు అతకాలంటే నోరు కావాలి. ఒక కొస నాలుకతో తడిపి పెదవుల మధ్య పట్టుకుని, రెండో కొస వెతికి, రెండూ కలిపి పేనాలి. నోట్లో పోగున్న మనిషి మాట్లాడలేదు. కాబట్టి పక్క రాట్నం ఆమె అందుకుంటుంది. అందుకునేటప్పుడు "నా పోగుల ఇట్లున్నది" అని మొదలుపెట్టాలి. ఇది ఎవరు పెట్టిన నియమమో తెలియదు. పాటించనివాళ్ళను నేను చూడలేదు.

అలా తెగుతూ అతుకుతూ నడిచిన కథల్లో ఒకటి సాలె ఆమె కథ. చలికాలం పొద్దున ఒక జంగమయ్య ఆమె గుమ్మం ముందుకు వచ్చి, చలేస్తోంది, బట్ట ఇమ్మంటాడు. మగ్గం మీద ఒక గుడ్డ ఉంది, ఇంకా జానెడు నేయాలి. "జర కూసో అయ్యా, జానెడే," అంటుంది. ఆ జానెడూ నేస్తుంది. చూస్తే ఇంకో జానెడు మిగిలి ఉంటుంది. వచ్చినవాడు దేవుడని విన్నవాళ్ళందరికీ తెలుసు, ఆమెకే తెలియదు. నాకు గుర్తున్నది ఇంతే. ఇంటర్‌లో చేరాక రాట్నం దగ్గర కూర్చోవడం నామోషీ అనిపించి మానేశాను. ఆ రెండేళ్ళలోనే మా అమ్మ పోయింది. తర్వాత మగ్గాలు పోయాయి, అమ్మమ్మ పోయింది. పరకాల నుంచి పండక్కీ పబ్బానికీ వచ్చి నెలల తరబడి ఉండిపోయే మా చిన్నమ్మ కూడా పోయింది. వసారా గ్యారేజీ అయింది. కథ మొత్తం తెలిసిన మనిషి పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కథ కోసం ఆ పాత కవి పుస్తకం మొదటి నుంచి చివరి దాకా వెతికాను. లేదు. ఆయన మా వాడకు రాలేదా, వచ్చిన రోజు మా వాళ్ళు పనిలో పడి మాట్లాడలేదా, లేక ఈ కథ ఆయన తర్వాత పుట్టిందా అని చాలాకాలం ఆలోచించాను. ఏదైనా సరే, ఆయన వలలో పడకుండా జారిపోయిన కథ ఒకటి మా ఇంట్లో ఉందని మనసులో గర్వం. "ఎప్పుడైనా రాసుకోవాలి" అనుకుంటూ ఇరవై ఏళ్ళు గడిపేశాను. ఇప్పుడు పన్నెండు రోజులున్నాయి.

మర్నాడే సెలవు పెట్టి కొత్తవాడ వెళ్ళాను. పద్ధతిగా చేయాలనుకున్నాను. లోపలి గది తలుపేశాను, కిటికీ మూశాను, ఫ్యాను ఆపాను. పెద్దమ్మను మంచం మీద కూర్చోబెట్టి ఫోను ఆమె ముందు దిండు మీద పెట్టాను. ఎర్ర చుక్క వెలిగింది.

"చెప్పు పెద్దమ్మా. సాలె ఆమె కథ."

పెద్దమ్మ ఫోను వైపు చూసింది. గొంతు సవరించుకుంది. "ఒక సాలె ఆమె ఉండె," అంది. ఆగింది. "చలికాలం. జంగమయ్య అచ్చిండు." మళ్ళీ ఆగింది. చెమట పట్టింది. చీర కుచ్చిళ్ళను వేళ్ళతో అటూ ఇటూ లాగుతూ కూర్చుంది. "బట్ట అడిగిండు. ఇయ్యలే. ఇంకేముంటది బిడ్డా, మర్చిపోయిన."

రెండోరోజూ అంతే. మూడోరోజు ఇంకా ఘోరం. "ఒక సాలె ఆమె ఉండె" తర్వాత మాటే రాలేదు. కోపం వచ్చింది నాకు, ఆమె మీద కాదనుకున్నాను గానీ ఆమె మీదే. ఇన్నాళ్ళు దాచుకుని ఇప్పుడు చెప్పనంటుందేమిటని. మూడు రోజులు పోయాయి. ఆమె బెదిరిపోయి నన్ను చూస్తే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టింది.

వదిన చాయ్ పట్టుకుని తలుపు తోసింది. గదిలో ఉక్కకు "అబ్బ" అనుకుంటూ కిటికీ తీసేసింది. "నువ్వు మస్తు చదువుకున్నవ్ గని జర గీ సంగతి చూస్తలేవు," అంది నాతో. "అత్తమ్మ ఉత్త చేతులతోటి కూసుని ఎప్పుడన్న మాట్లాడిందా? బియ్యం ఏరుకుంటనన్న, చిక్కుడుకాయ తుంచుకుంటనన్న చెప్తది. చేతుల పనుంటెనే నోట్లె మాటుంటది ఆమెకు. ఆ అటక మీద రాట్నం ఉన్నది. దించనీకి ఇద్దరం సరిపోతం."

నేను నోరు మూసుకుని అటకెక్కాను.

సైకిల్ రిమ్ముతో చేసిన రాట్నం అది. దుమ్ము తుడిచి, ఇరుసుకు కొబ్బరినూనె వేశాం. రెండోది పక్కింటి నుంచి తెచ్చాం, ఎందుకంటే పెద్దమ్మ "ఒక్క రాట్నం తోటి కథేంది" అంది. నూలు మాత్రం మరమగ్గాల షెడ్డులో పనిచేసే అన్న, అంటే పెద్దమ్మ కొడుకు, తెచ్చిపెట్టాడు. ముందు గదిలో తలుపు బార్లా తీసి, వీధిలో ఆటోలు పోతుండగా, కుక్కర్ కూత పెడుతుండగా, ఫోను రికార్డింగు నొక్కి గూట్లో పడేసి కూర్చున్నాం. పెద్దమ్మ ఎడమ చేతిలో పోగు పట్టుకుని కుడి చేత్తో చక్రం తిప్పింది. రెండు మూడు చుట్లు చుట్టింది. తర్వాత మొహం కూడా ఎత్తకుండా, బొంగురు గొంతుతో, ఆపకుండా చెప్పడం మొదలుపెట్టింది.

నేను కళ్ళార్పకుండా కూర్చున్నాను. మూడు రోజులుగా నేను బతిమాలి, బెదిరించి రాబట్టలేనిది ఆ చక్రం పది తిప్పుల్లో రాబట్టింది. ఆమె జ్ఞాపకం తలలో ఉందని నేను అనుకున్నాను, అది మణికట్టులో ఉంది. ఆ పాత కవికి ఈ సంగతి తెలిసే ఉంటుందని ఆ క్షణంలో తోచింది. ఎవరి గుమ్మం ముందో నిలబడకుండా లోపలికి వచ్చి, కుండల దగ్గర మట్టి పిసుకుతూనో, రేవులో బట్టలు అందిస్తూనో విని ఉంటాడు. లేకపోతే అన్ని కథలు ఆయనకు ఎవరు చెప్తారు?

కథ ఇలా సాగింది. జానెడు అయిపోకపోవడంతో సాలె ఆమె తన లెక్కే తప్పిందనుకుంటుంది. పడుగు పోసేటప్పుడే ఎక్కడో పొరపడ్డానని తనను తానే తిట్టుకుంటుంది. గుమ్మంలో జంగమయ్య వణుకుతూనే ఉంటాడు. ఆమెకు జాలి, దానితో పాటు చిరాకు. "ఉత్తగ కూసుంటె చలి పెడ్తది. గిదో రాట్నం, కండెలు చుట్టు," అని దేవుడికే పని అప్పజెపుతుంది. మధ్యాహ్నం జొన్న గటక పెడుతుంది, నంజుకోవడానికి ఎర్రకారం. ఆయన రెండోసారి అడుగుతాడు. ఆమె తన వాటాది పెట్టేస్తుంది. జానెడు మాత్రం అలాగే ఉంటుంది.

మధ్యమధ్య "నా పోగుల ఇట్లున్నది" అని వస్తూనే ఉంది. తెగుతున్నది ఆమె పోగు కాదు, నాది. రాట్నం తిప్పి ముప్పై అయిదేళ్ళయింది, నా పోగు నిమిషానికోసారి పుటుక్కుమంటుంది. పెద్దమ్మ ఓరకంట చూసి, "దేవుడు గూడ నీ తీరుగనే చుట్టిండట," అంది. వదిన నవ్వీ నవ్వీ గోడకు ఆనుకుంది.

రెండు రోజుల్లో రికార్డయినదంతా రాత్రింబవళ్ళు కూర్చుని టైపు చేశాను. చక్కగా చేశాను. ఎక్కడా అడ్డం రాకుండా, చెప్పిందే చెప్పినచోట్ల కత్తిరించి, మొదలు నుంచి చివరి దాకా నీళ్ళు పారినట్టు చేశాను. "నా పోగుల ఇట్లున్నది" అనే మాట పదమూడు చోట్ల వచ్చింది. ఇద్దరమే కూర్చున్నప్పుడు ఆ మాటతో పనేముంది, అలవాటు కొద్దీ అన్నదిలే అని అన్నీ తీసేశాను. ఇప్పుడిది అచ్చుకు ఇవ్వొచ్చు అనుకుని మురిసిపోయాను. ఆపరేషనుకు ఇంకా అయిదు రోజులు.

పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమె కండె చుట్టుకుంటూ విన్నది. మొదటి పేజీలో బాగానే ఉంది. రెండో పేజీలో చక్రం నెమ్మదించింది. మూడో పేజీలో ఆగింది.

"ఇది ఎవరు చెప్తాండ్రు?" అని అడిగింది.

"నువ్వే గదా పెద్దమ్మా. నువ్వు చెప్పిందే."

"నేను గిట్ల చెప్పలే. అందరొక్కరే అయిండ్రు ఇందుల." చక్రం మీద ఆగిన పోగును వేళ్ళతో తడిమింది. "లెక్క తప్పిందని తన్ను తాను తిట్టుకున్న ముక్క మీ అమ్మమ్మది. ఆమె పోగుల అట్ల ఉన్నది. దేవునికి రాట్నం ఇచ్చుడు పరకాల చిన్నమ్మది. ఆమె నోరు అసొంటిది గదా, దేవుణ్ణి గూడ ఇడువలే. నువ్వు వాళ్ళను ఎటు పంపినవ్?"

నాకు అప్పుడు అర్థమైంది. ఆమె ఒక్కతే కూర్చుని చెప్పినా, ప్రతి ముక్కనూ అది చెప్పిన మనిషి దగ్గర నుంచే అందుకుంటోంది. ఒక్కో "నా పోగుల" ఒక్కో మనిషి. ఆ మాటలు తీసేసి నేను కథను శుభ్రం చేశాననుకున్నాను.

"గటక పెట్టుడు ఎవరిది?" అన్నాను. అడగకముందే తెలిసినట్టయింది.

"నీ తల్లిది," అంది పెద్దమ్మ. "దాని పోగు రాంగనే ఎవరికన్న తిండి పెట్టకుంట ఊకునేది కాదు. ఏ కథ అయిన గంతే. నీ తల్లిని గూడ తీసేసినవా బిడ్డా?"

గూట్లోంచి ఫోను తీసుకుని, నాలుగు గుమ్మాల అవతల అమ్మమ్మ ఇంటి పాత వసారాలోకి పోయాను. ఆ చోటుకు జరిపి, చెవికి ఆనించి విన్నాను. అంతకుముందు పదిసార్లు విన్నదే. "నా పోగుల ఇట్లున్నది" అని ఆ ముక్క దగ్గర పెద్దమ్మ గొంతు సన్నబడుతుంది, చివర చిన్నగా సాగుతుంది. మా అమ్మ అలా సాగదీసేది. అమ్మ గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు, నా చెవుల్లో కూడా లేదని ఎప్పుడో ఒప్పుకున్నాను. అది పెద్దమ్మ గొంతులో ఉంది. ఇంకో అయిదు రోజులు ఉంటుంది. నేను గ్యారేజీలో కారు పక్కన నిలబడి ఏడ్చాను.

తర్వాతి నాలుగు రోజులూ కొత్తగా మొదలుపెట్టాం. తీసేసిన పదమూడు మాటలూ తిరిగి పెట్టాను. ఒక్కోదాని పక్కన ఎవరిదో పెద్దమ్మ చెప్పింది, నేను రాసుకున్నాను. కొందరిని నేను చూడలేదు. అమ్మమ్మకు అత్త, ఆమెకు ఆడబిడ్డ, ఖిలా వరంగల్ నుంచి వచ్చి ఒక్క ఎండాకాలం ఉండి పోయిన ఒకామె. ఆమె ఎవరో పెద్దమ్మకూ తెలియదు, ఆమె ముక్క మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. గుడ్డ అంచుకు ఏ రంగు వేయాలని సాలె ఆమె జంగమయ్యను అడిగే ముక్క అది. పెద్దమ్మ ఎప్పుడో పిల్లగా ఉన్నప్పుడు విన్న మాటను ఆ మనిషి వాటాగా ఇన్నేళ్ళు కాపాడి పెట్టింది. ఒక్కరి వాటా ఇంకొకరికి కలపలేదు, తన ఖాతాలో వేసుకోలేదు. నేను పుస్తకాలు చదివిన దాన్నే, కానీ ఇంత నిజాయితీ గల సంకలనకర్తను నేను చదవలేదు.

ఆపరేషనుకు ముందురోజు హైదరాబాద్ బయల్దేరాలి. సంచులు సర్దడం అయింది. పెద్దమ్మ అప్పటికి గుసగుసగా తప్ప మాట్లాడలేకపోతోంది. రాట్నం ముందు కూర్చుంది.

"పెద్దమ్మా," అన్నాను. "పదమూడు పోగుల్ల నీది లేదు. నీ ముక్కేది?"

"నాకు మోక దొరకలే," అంది. "ఎప్పటికి ఆఖరి రాట్నం నాది. నా దాక అచ్చేసరికి అన్నాల యాల్లయ్యేది. ఉన్నది గని ఎన్నడు చెప్పలే."

"ఇప్పుడు చెప్పు."

వదిన సంచి జిప్పు వేస్తున్నదల్లా ఆగిపోయింది. పెద్దమ్మ చక్రం తిప్పింది. గాలి ఎక్కువ, మాట తక్కువగా వచ్చింది ఆమె గొంతు. నేను ముందుకు వంగి విన్నాను.

"నా పోగుల ఇట్లున్నది. దేవునికి రాట్నం ఇచ్చింది గదా. ఆయనకు చాతగాదు. పోగు తెగింది. సాలె ఆమె ఏం జేస్తాందో చూసి, తను గూడ కొస తడిపి పెదాల నడుమ పట్టుకున్నడు. గప్పుడే ఆమె అడిగింది, ఏ ఊరయ్యా నీది, నీ పేరేందయ్యా అని. ఆయన చెప్పలే. సిగ్గు పడ్తాండేమో అనుకున్నది." పెద్దమ్మ ఊపిరి తీసుకుంది. "దేవుడు మాట్లాడడని అంటరు గదా లోకంల. ఎట్ల మాట్లాడ్తడు? నోట్ల పోగున్నది. అతుకుతాండు."

నేను కథ కొసేంటని అడిగాను, జానెడు ఎప్పుడు అయిపోయిందని.

"అయిపోలే బిడ్డా. జానెడు ఉంటనే ఉంటది," అంది. అవి నేను ఆమె గొంతుతో విన్న ఆఖరి మాటల్లో కొన్ని. దారిలో కారులో ఇంకేవో అన్నది. సోడా కావాలని, కిటికీ అద్దం దించమని.

ఆపరేషను ఆరు గంటలు పట్టింది. దవాఖాన వరండాలో ఇనుప కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఆ పాత కవి పుస్తకం తీశాను. పాఠం చెప్పడానికి ఎన్నిసార్లు తిరగేశానో. అందులో ఒక కథ నుంచి ఇంకో కథకు మారేచోట, పెద్దలు ఇలా చెప్తారు, భక్తులు ఇలా అంటారు అన్న అర్థంలో మాటలు వస్తుంటాయి. అవి పద్యం నింపడానికి వేసినవని క్లాసులో చెప్పేదాన్ని. పిల్లలను అవి దాటేసి చదవమనేదాన్ని. ఆ రోజు ఆ మాటల దగ్గరే ఆగి ఆగి చదివాను. ప్రతిచోటా ఎవరిదో పోగు తెగింది, ఎవరో అందుకున్నారు. ఆయన వాళ్ళను తీసేయలేదు. వాళ్ళ పేర్లు ఆయనకూ తెలియకపోవచ్చు, కానీ వాళ్ళు అక్కడ ఉన్నారని గుర్తు పెట్టి పోయాడు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట రాట్నాల మధ్య, కుండల మధ్య కూర్చుని ఎవరి వాటా వాళ్ళకు ఉంచుతూ రాసుకున్న ఆ మనిషి ముందు నేను ఎంత చిన్నదాన్నో తెలిసింది. ఆ కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. నిలబడ్డాను కూడా. వదిన కంగారుపడి, "ఏమైంది, డాక్టర్ అచ్చిండా?" అంది.

పెద్దమ్మ బతికింది. గొంతు కింద చిన్న రంధ్రం, దానికో గొట్టం, దాని మీద తెల్ల గుడ్డ. కొత్తవాడ తిరిగి వచ్చాక మొదటి నెల ఆమె ఎవరి మొహం చూడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. నేను వెళ్తే కళ్ళు మూసుకునేది. రాట్నం మూలనే ఉంది, దాని వైపు కూడా చూడలేదు. వదిన బియ్యం చాట తెచ్చి ఒళ్ళో పెడితే పక్కకు జరిపేసింది. చేతులతో పనిచేస్తే నోట్లోకి మాట వస్తుందని, ఆ మాట రావడానికి దారి లేదని ఆమె పనినే వద్దనుకుందని నాకు అనిపించింది. వదినతో అన్నాను. వదిన, "గదే నా ఫికర్," అంది.

నెలన్నర తర్వాత ఒక ఆదివారం పొద్దున వెళ్ళేసరికి ముందు గదిలోంచి చక్రం చప్పుడు వినిపించింది. చెప్పులు గుమ్మంలోనే వదిలి లోపలికి పరుగెత్తినంత పని చేశాను. పెద్దమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. చూడడానికి వచ్చిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు గోడవారన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళలో వాళ్ళు కూరగాయల ధరలు చెప్పుకుంటున్నారు. వదిన రెండో రాట్నం నా వైపు జరిపింది. నేను కూర్చుని పోగు పట్టుకున్నాను.

కాసేపు అలాగే చుట్టాం. నా పోగు కూడా ఆ రోజు ఎందుకో తెగలేదు. గదిలో చక్రాల చప్పుడు, పెద్దమ్మ గొట్టంలోంచి వచ్చే సన్నని ఊపిరి చప్పుడు. మాట లేని ఆ గదిలో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పలేను. నాకు తెలిసి ఆ రాట్నాల చుట్టూ ఎప్పుడూ అంత నిశ్శబ్దం లేదు.

పెద్దమ్మ చక్రం ఆపింది. ఎడమ చేతిలోని పోగు పైకెత్తింది. దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని, గట్టిగా పట్టుకుని, నా వైపు చూసింది.

"అత్తమ్మ పోగు తెగలేదు గదా," అంది వదిన అయోమయంగా.

నిజంగానే తెగలేదు. చిలప నుంచి కండె దాకా నిండుగా ఉంది. పెద్దమ్మ చూపు నా మీద నుంచి కదలలేదు. ఆమె కళ్ళలో దిగులు లేదు. తన వంతు అయిపోయి పక్కామె అందుకుంటుందా లేదా అని చూసే, చిన్నప్పుడు నేను వంద సార్లు చూసిన చూపు అది. నోట్లో పోగున్న మనిషి మాట్లాడనక్కర్లేదు. మా ఇంట్లో అది నియమం.

పక్కింటి ఆడవాళ్ళు కూరగాయల మాట ఆపి నన్ను చూస్తున్నారు. చక్రం తిప్పాను.

"నా పోగుల ఇట్లున్నది," అన్నాను.

మొదటి నుంచి చెప్పాను. అమ్మమ్మ వాటా దగ్గర అమ్మమ్మను, చిన్నమ్మ వాటా దగ్గర చిన్నమ్మను చెప్పాను. గటక దగ్గర చివర సాగదీశాను, అమ్మలాగా వచ్చిందో రాలేదో తెలియదు. రెండుచోట్ల వరస తప్పాను. తప్పిన రెండుసార్లూ పెద్దమ్మ వేలు ఎత్తింది, నేను వెనక్కి వెళ్ళి సరిచేసుకున్నాను. దేవుడి పోగు తెగిన చోటికి వచ్చాక నాకు మాట ఆగిపోయింది. ఆమె వేలు ఎత్తలేదు, తల మాత్రం ఆడించింది, కానియ్యమన్నట్టు. అది కూడా చెప్పాను. అన్నాల వేళయింది, వదిన కూడా లేవలేదు. నేను చెప్తున్నంతసేపూ పెద్దమ్మ ఆ పోగును నోట్లోంచి తీయలేదు.